ఉండరాని చోట శిలాజములు

1859 వ సంవత్సరమున చార్లెస్ డార్విన్ జీవజాతుల పుట్టుకను గూర్చిన తన గ్రంథమును ప్రకటించినపుడు, తన సిద్ధాంతమునకు రాదగిన ఆక్షేపణలను దాచిపెట్టలేదు. ఒక్కొక్కదానిని తానే యెత్తి చూపి, సమాధానము చెప్పుచు పోయెను. వానిలో ఒకదానికి మాత్రము తృప్తికరమైన సమాధానము తనవద్ద లేదని ఆయనే ఒప్పుకొనెను.

వేల్సు కొండలలో రాతిపొరలను అడుగునుండి పైకి పరిశీలించుచు పోయినచో, ఒక మట్టము వరకు జంతువు జాడ యేదియు కానరాదు. ఆ మట్టము దాటిన పిమ్మట ట్రైలోబైట్లు కనబడును. ఇవి సముద్రపు అడుగున ప్రాకిన జంతువులు. వీనికి ఒంటిమీద గట్టి పెంకు కలదు, కీళ్ళుగల కాళ్ళు కలవు, కన్నులు కూడ కలవు. ఆ పొరలకు ఆడమ్ సేజ్‌విక్ 1835 లో కేంబ్రియన్ అని పేరు పెట్టెను. డార్విన్ తన యౌవనమున, 1831 లో, ఈ సేజ్‌విక్ వెంటనే ఉత్తర వేల్సులో తిరిగి రాళ్ళను చదువుట నేర్చుకొనినవాడు. కన్నులు, కాళ్ళు గల జంతువు ఒక్కనాటిలో పుట్టునది కాదు. పరిణామము మెల్లమెల్లగా జరుగునన్న మాట నిజమైనచో, ట్రైలోబైటునకు వెనుక లెక్కకు మిక్కిలియైన పూర్వులు జీవించి యుండవలెను. మరి వారి శిలాజములు ఏవి? భూమి తన చరిత్రలోని చాల పుటలను పోగొట్టుకొనినదని డార్విన్ సమాధానము చెప్పెను గాని, అది తన మనస్సునకే పూర్తిగా నచ్చలేదు.

ఆ పూర్వులు ఎట్టివై యుండవచ్చునో ఊహించుట కష్టము కాదు. జంతుప్రపంచమున నూటికి తొంబదికి పైగా జాతులు వెన్నెముక లేనివే. వీనిని అకశేరుకములని అందురు. వీని ముఖ్యశాఖలలో పెక్కింటికి పుట్టినిల్లు సముద్రము. స్పంజికలు, జెల్లీచేపలు, పగడపు పురుగులు, నానావిధములైన క్రిములు, నత్తలు, నక్షత్రచేపలు అన్నియు ఈ కోవకు చెందినవే. పేరులో చేప యున్నను జెల్లీచేప చేప కాదు, నక్షత్రచేపయు చేప కాదు. వీనిలో పెంకుగాని, ముల్లుగాని లేని జంతువు చచ్చినచో దాని శరీరము నిలువదు. ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన జెల్లీచేపను ఎండలో వదలి మరునాడు చూచినచో, ఇసుకమీద పలుచని పొర తప్ప మిగులునది లేదు; దాని శరీరమున నూటికి 95 పాళ్ళు నీరే. అట్టి జంతువు కోట్ల సంవత్సరములపాటు రాతిలో గుర్తుగా నిలుచునని ఎవరు ఆశింతురు?

ఈ నిరాశ క్రమముగా ఒక నియమముగా మారినది. చిక్కంతయు అక్కడనే పుట్టినది. కేంబ్రియన్‌కు దిగువనున్న రాళ్ళలో జంతు శిలాజములు ఉండవని భూవిజ్ఞానులు మొదట గమనించిరి. తరువాత అట్లు బోధించిరి. కడకు దానినే కొలబద్దగా వాడుకొనిరి. ఒక రాతిలో జంతువు ముద్ర కనబడినచో ఆ రాయి కేంబ్రియన్ కాలముదనియో, లేక పిమ్మటిదనియో నిర్ణయించిరి. రాయి నిశ్చయముగా అంతకంటె పాతదైనచో, ఆ గుర్తు జంతువు ముద్రయే కాదనిరి. ఈ తర్కమునకు లోపలనుండి బయటపడు దారి లేదు. ఏ ఆధారము దొరకినను రెంటిలో ఒక గుమ్మము గుండా దానిని బయటికి పంపివేయవచ్చును.

అట్లు పంపివేయబడిన ఆధారములు తక్కువ కావు. డార్విన్ గ్రంథము వెలువడుటకు 11 సంవత్సరములు ముందే, 1848 లో, ఇంగ్లండు నడిభాగమున లెస్టరు నగరము చేరువనున్న చార్న్‌వుడ్ అడవి ప్రాంతమున, ఒక పలకరాతి గనిలో గుండ్రని వలయములవంటి గుర్తులను హార్లే అను నతడు చూచెను. వానిని శిలాజములుగా లోకము అంగీకరింపలేదు. 1872 లో కెనడా శాస్త్రజ్ఞుడు ఎల్కనా బిల్లింగ్స్, న్యూఫౌండ్లండు ద్వీపమున సెయింట్ జాన్స్ పట్టణపు రాళ్ళలో దొరకిన చిన్న బిళ్ళలవంటి గుర్తులకు ఆస్పిడెల్లా అని పేరు పెట్టి, ఇవి కేంబ్రియన్‌కు పూర్వపు జీవులని వ్రాసెను. ఇతరులు అవి బురదలో వాయువు బుడగలు విడిచిన గుర్తులనియో, రాతిలో గడ్డకట్టిన ఖనిజములనియో కొట్టివేసిరి. 1908 లో ఆఫ్రికా ఖండపు నైఋతి తీరమున, నేటి నమీబియాలో, జర్మన్లకు ఆకులవంటి ముద్రలు దొరకెను. వాని కాలనిర్ణయము తేలక ఆ సంగతియు మూలబడినది.

1946 లో ఆస్ట్రేలియాలో రెజినాల్డ్ స్ప్రిగ్ అను 27 ఏండ్ల ప్రభుత్వ భూవిజ్ఞాని, పాడుపడిన గనులను మరల త్రవ్వుట లాభమగునా యని పరీక్షించుటకై దక్షిణ ఆస్ట్రేలియా రాష్ట్రమందలి ఎడియకారా కొండలకు వెళ్లెను. అక్కడ ఇసుకరాతి పలకల అడుగువైపున గుండ్రని ముద్రలు కనబడెను. ఇవి జెల్లీచేపల ముద్రలని అతడు భావించెను. మరుసటి సంవత్సరము ఆ విషయమును ప్రకటించుచు, శీర్షికలోనే 'కేంబ్రియన్ ఆదికాలపు' అని వ్రాసి, దాని ప్రక్కన ఒక ప్రశ్నార్థకమును ఉంచెను. ఆ చిన్న గుర్తులో ఆ కాలపు సందిగ్ధమంతయు ఇమిడియున్నది. కన్నులకు కనబడుచున్నది జంతువు. నియమము ప్రకారము రాయి కేంబ్రియన్ కావలెను. అగునో కాదో అతనికి నమ్మకము లేదు. 'నేచర్' పత్రిక అతని వ్యాసమును స్వీకరింపలేదు. 1948 లో లండనులో జరిగిన అంతర్జాతీయ భూవిజ్ఞాన మహాసభలో అతడు ఈ సంగతి వినిపించినను పెద్దలు పట్టించుకొనలేదు. స్ప్రిగ్ తన చమురు, ఖనిజముల అన్వేషణలో పడిపోయెను.

ఆ నియమము ఆస్ట్రేలియాలోగాని, ఆఫ్రికాలోగాని విరుగలేదు. పూర్వము హార్లే వలయములను చూచిన ఆ చార్న్‌వుడ్ ప్రాంతముననే విరిగినది. విరుగుటకు కారణమైనవారు పాఠశాల పిల్లలు. చార్న్‌వుడ్ రాళ్ళు సముద్రపు అడుగున అగ్నిపర్వతపు బూడిద, బురద పేరుకొనగా ఏర్పడినవి. అవి కేంబ్రియన్‌కు పూర్వపువని భూవిజ్ఞానులందరు ఏకగ్రీవముగా అంగీకరించియుండిరి. అందువలన మొదటి గుమ్మము, అనగా 'రాయి కేంబ్రియన్‌దే' అను గుమ్మము, ఇక్కడ ముందే మూసికొనిపోయినది.

1956 లో టీనా నీగస్ అను 15 ఏండ్ల బాలిక అక్కడి యొక పాత రాతిగనిలో ఫెరన్ ఆకువంటి ముద్రను చూచెను. శిలాజములన్నచో ఆమెకు మక్కువ. పాఠశాలకు వచ్చి భూగోళశాస్త్రపు ఉపాధ్యాయురాలితో ఆ సంగతి చెప్పెను. ఆ రాళ్ళు కేంబ్రియన్‌కు పూర్వపువి గనుక అందులో శిలాజములు ఉండుటకు వీలులేదని సమాధానము వచ్చినది. అయినచో తాను చూచినది ఏమి? ఆ ప్రశ్నకు జవాబు రాలేదు. ఆ ఉపాధ్యాయురాలిని తప్పుపట్టుట సులభము. కాని ఆమె చెప్పినది ఆనాటి పాఠ్యపుస్తకములన్నిటిలోను ఉన్న మాటయే. లోకమందలి మహాపండితులను అడిగినను అదే చెప్పియుందురు. ఆ రాతిగనికి పోయి ఒకమారు చూడకపోవుట ఒక్కటే లోపము. బాలిక మాత్రము తన కన్నులను నమ్మి, మరల అక్కడికి వెళ్లి, ముద్రపై కాగితము పరచి పెన్సిలుతో రుద్ది దాని ప్రతిని తీసికొనెను.

1957 ఏప్రిల్‌లో లెస్టరులోని ఒక బాలుర పాఠశాలకు చెందిన ముగ్గురు విద్యార్థులు కొండరాళ్ళ నెక్కు ఆటకై అదే గనికి వచ్చిరి. వారిలో రోజర్ మేసన్ అను బాలుడు ఆ ముద్రను చూచి, తానును కాగితము పరచి పెన్సిలుతో ప్రతి తీసెను. ఇంతవరకు రెండు కథలును ఒక్కటే. భేదము ఇంటికి చేరిన తరువాత వచ్చినది. మేసన్ తండ్రికి లెస్టరులోని విశ్వవిద్యాలయ కళాశాలతో సంబంధ ముండెను. అక్కడి భూవిజ్ఞాని ట్రెవర్ ఫోర్డు ఆయనకు పరిచితుడు. బాలుడు కాగితమును తీసికొని ఫోర్డు నొద్దకు వెళ్లెను. ఫోర్డు కూడ మొదట నమ్మలేదు. కాని ఆయన 'ఉండదు' అని ఊరకుండక, బాలునితో గనికి వెళ్లి, రాతిముందు నిలిచి చూచెను. చూచిన పిమ్మట సందేహమునకు తావు లేకపోయెను.

1958 లో ఫోర్డు ఆ శిలాజమును వర్ణించుచు వ్యాసము ప్రకటించి, దానికి చార్నియా మేసోనీ అని పేరు పెట్టెను. మొదటి పదము ఊరిది, రెండవది బాలునిది. ఆకువంటి జీవికి అడుగున ఉండు బిళ్ళవంటి మరియొక రూపమునకు చార్నియోడిస్కస్ అని పేరిడెను. ఆ రాతి పలక లెస్టరు మ్యూజియమునకు చేరెను. రోజర్ మేసన్ పెద్దవాడై భూవిజ్ఞాన శాస్త్రజ్ఞుడయ్యెను. తనకంటె ముందు ఒక బాలిక దానిని చూచినదని తెలిసినప్పుడు ఆయన దాచక, బహిరంగముగా చెప్పెను. 2007 లో ఆ ఆవిష్కరణకు 50 ఏండ్లు నిండిన సందర్భమున జరిగిన ఉత్సవమున టీనా నీగస్‌కు గుర్తింపు లభించెను. శాస్త్రనామములను మాత్రము అట్లు మార్చుటకు నియమములు ఒప్పవు. చార్నియా నేటికిని మేసన్ పేరుతోనే యున్నది.

చార్న్‌వుడ్ వార్త అడిలైడు విశ్వవిద్యాలయమున మార్టిన్ గ్లెస్నర్ చెవిని పడెను. ఎడియకారా కొండలనుండి వచ్చిన శిలాజములు అప్పటికే ఆయన పరిశీలనలో నుండెను. ఇంగ్లండు ఆకును, ఆస్ట్రేలియా ముద్రలను, నమీబియా ముద్రలను ప్రక్కప్రక్కన పెట్టి చూడగా ఒకే కుటుంబపు పోలికలు కనబడెను. ఒక్క దేశపు రాతి వయస్సు నిశ్చయమైనచో మిగిలిన రెంటికి అది ఆధారమగును. మూడు ఖండములందును కేంబ్రియన్‌కు ముందే మెత్తని ఒడలుగల జంతువులు జీవించెనని ఆయన 1959 లో 'నేచర్' పత్రికయందే ప్రకటించెను. డార్విన్ గ్రంథమునకు అది సరిగా నూరవ సంవత్సరము. అంతకుముందే ఒక శిలాజమునకు స్ప్రిగ్గినా అని ఆయన పేరు పెట్టియుండెను.

తరువాతి ఘట్టమున ఒక భారతీయ విద్యార్థి కలడు. ఉత్తరప్రదేశ్‌కు చెందిన శివబాలక్ మిశ్ర న్యూఫౌండ్లండులోని మెమోరియల్ విశ్వవిద్యాలయమున చదువుచు, 1967 లో ఆ ద్వీపపు ఆగ్నేయకోణమున మిస్టేకెన్ పాయింట్ అను సముద్రపు కొన వద్ద రాళ్ళ పటము తయారుచేయుచుండెను. పొగమంచులో నావికులు దానిని మరియొక కొనగా పొరబడి ఓడలను రాళ్ళకు కొట్టుకొనుటచే ఆ చోటికి 'పొరపాటు కొన' యను అర్థమిచ్చు పేరు వచ్చినది. అక్కడ రాతి పలకలపై ఒకటి రెండు కాదు, వందలకొలది ఆకుల, కుదురుల ఆకారములు పరచియుండుట మిశ్ర చూచెను. మరుసటి సంవత్సరము ఆండర్సన్‌తో కలిసి ఆ సంగతిని 'నేచర్' పత్రికలో ప్రకటించెను. ఒకనాడు అగ్నిపర్వతపు బూడిద కురిసి, సముద్రపు అడుగున నున్న జీవుల నున్నవానిని ఉన్నచోటనే కప్పివేసినది. అందువలన ఏ జీవి దేని ప్రక్కన, ఎంత దూరమున పెరిగినదో నేడు కొలిచి చూడవచ్చును. ఆ బూడిదలోని జిర్కాన్ స్ఫటికములు ఆ పొరల వయస్సును కూడ చెప్పుచున్నవి. అది సుమారు 56 కోట్ల 50 లక్షల సంవత్సరములు. మిశ్ర స్వదేశమునకు తిరిగివచ్చి, 1972 లో లక్నో ప్రాంతపు పల్లెలో తన భార్యతో కలిసి పిల్లలకై పాఠశాలను స్థాపించెను. 2007 లో అక్కడి కుదురువంటి జీవికి ఫ్రాక్టోఫ్యూసస్ మిశ్రాయీ అని ఆయన పేరు పెట్టిరి. 2016 లో యునెస్కో సంస్థ ఆ తీరమును ప్రపంచ వారసత్వ స్థలముగా ప్రకటించినది.

బిల్లింగ్స్ బిళ్ళలకును కడకు న్యాయము జరిగినది. ఆకువంటి జీవులు అలలకు కొట్టుకొనిపోకుండ తమ కాడ అడుగున ఒక బిళ్ళను బురదలో నాటుకొనెడివి. ఆకు నశించినను బిళ్ళ గుర్తు మిగులును. ఆస్పిడెల్లా అట్టి పాదమని 2000 వ సంవత్సరమున నిర్ణయించిరి. చార్న్‌వుడ్ వలయములును ఇట్టివేయని నేటి అభిప్రాయము. 2004 లో భూవిజ్ఞానులు ఈ కాలమునకు ఎడియకారన్ అని పేరు నిర్ణయించి, కాలపట్టికలో చేర్చిరి. అది సుమారు 63 కోట్ల 50 లక్షల సంవత్సరముల క్రిందట మొదలై, సుమారు 53 కోట్ల 90 లక్షల సంవత్సరముల క్రిందట కేంబ్రియన్ కాలము ప్రారంభమగు వరకు నడచినది.

ఇక అసలు ప్రశ్న మిగిలియున్నది. ఈ జీవులు ఏమి? ఫోర్డు చార్నియాను సముద్రపు నాచుగా భావించెను. కాని అది పెరిగినది సూర్యకాంతి చొరని లోతున. కాంతి లేనిచోట నాచు బ్రతుకదు. గ్లెస్నర్ దానిని 'సముద్రపు కలము' అను జీవితో పోల్చెను. పూర్వము సిరాలో ముంచి వ్రాసిన ఈకకలమువలె ఉండి, బురదలో కాడ నాటుకొని నిలుచు జంతుసముదాయ మిది. పగడములకు, జెల్లీచేపలకు చుట్టము. పోలిక చూడ ముచ్చటగా నున్నది. చాలకాలము అందరు దానినే నమ్మిరి. 2007 లో ఆంట్‌క్లిఫ్, బ్రేజియర్ అనువారు రెండును పెరుగు తీరును పరిశీలించిరి. సముద్రపు కలమున క్రొత్త భాగములు అడుగున పుట్టి పాతవి పైకి జరుగును. చార్నియాలో క్రొత్తవి కొనయందే పుట్టినవి. కాబట్టి అది సముద్రపు కలము కాదు. దానికి నోరు లేదు, ప్రేగు లేదు. ఒక్కొక్క కొమ్మ మొత్తము ఆకునకు చిన్న నమూనావలె ఉండి, ఆ కొమ్మలోని రెమ్మలును అదే రూపమున నుండును. నీటిలోని పోషకములను ఒంటితోనే పీల్చుకొని జీవించెనని పలువురి ఊహ. అయినను అది జంతువేయని దాని పెరుగుదలను పరిశీలించినవారు 2021 లో నిర్ణయించిరి.

కింబెరెల్లా కథ దీనికి ఎదురు. దానిని మొదట జెల్లీచేపయని చెప్పిరి. రష్యాలో శ్వేతసముద్ర తీరమున మంచి నమూనాలు దొరకిన పిమ్మట, 1997 లో, అది నత్తల వర్గమునకు దగ్గర జీవియని ఫెడోన్కిన్, వాగనర్ చూపిరి. దానికి ముందు వెనుకలు కలవు. అడుగున పాదము కలదు. దాని ప్రక్కన రాతిపై విసనకఱ్ఱ ఆకారమున గీతలు కలవు. నత్త తన ఆకురాయివంటి నాలుకతో పాచిని గీకి తినునట్లే, అదియు సముద్రపు అడుగున పరచుకొనిన సూక్ష్మజీవుల పొరను గీకి తినినది. డార్విన్ వెదకిన పూర్వులలో ఇంత స్పష్టమైన ముఖము గలవి తక్కువ.

డికిన్సోనియా అను చదునైన, చాపవంటి జీవి విషయమున వాదము అన్నిటికంటె ముదిరినది. దానిలో కొన్ని 1 మీటరు మించి పెరిగినవి. క్రిమి యనిరి, జెల్లీచేప యనిరి, ఏకకణ జీవి యనిరి, లైకెన్ యని కూడ అనిరి. ఆకారమును బట్టి తేలనిది రసాయనమును బట్టి తేలినది. జంతువుల కణములలో కొలెస్టిరాల్ అను క్రొవ్వు పదార్థము ముఖ్యముగా నుండును; శిలీంధ్రములలోను, పచ్చని నాచులోను అదే స్థానమున వేరు పదార్థములు ఎక్కువ. శ్వేతసముద్రపు రాళ్ళలో డికిన్సోనియా శరీరపు పలుచని పొర ఇంకను అంటియుండెను. ఇల్యా బొబ్రోవ్‌స్కీ అను పరిశోధక విద్యార్థి, అతని సహచరులు ఆ పొరను పరీక్షింపగా, అందలి అట్టి క్రొవ్వు జాడలలో నూటికి 93 పాళ్ళ వరకు కొలెస్టిరాల్ జాతివే. చుట్టునున్న రాతిలో అట్లు లేదు. 55 కోట్ల 80 లక్షల సంవత్సరముల నాటి ఆ జీవి జంతువని 2018 లో వారు ప్రకటించిరి.

ఇట్లు ఎడియకారన్ శిలాజములు ప్రసిద్ధికెక్కిన పిమ్మట, పూర్వపు పొరపాటు తలక్రిందులై మరల ఎదురయ్యెను. ఈ మారు చోటు మన దేశమే. మధ్యప్రదేశ్‌లోని భీంబేట్కా గుహలు ఆదిమానవుల చిత్రములకు పేరుపొందినవి. అక్కడి ఇసుకరాయి వింధ్య శిలాసముదాయములోనిది. దాని వయస్సును గూర్చి చిరకాలముగా వాదము కలదు. నూరుకోట్ల సంవత్సరములని కొందరు, అందులో ఇంచుమించు సగమని మరికొందరు. 2020 లో గ్రెగరీ రెటలాక్, ఇతర శాస్త్రజ్ఞులు అచ్చటి సభామండపమువంటి గుహలో, నేలకు సుమారు 11 అడుగుల ఎత్తున, గోడపై నడిమి గీతయు, దానికి ఇరువైపుల ఈనెలును గల చదునైన ఆకారమును చూచిరి. అది డికిన్సోనియాయని 2021 లో ప్రకటించిరి. అదియే నిజమైనచో ఆ రాయి వయస్సు సుమారు 55 కోట్ల సంవత్సరములని ఒక్క దెబ్బతో తేలిపోవును. భారతదేశమున లభించిన తొలి డికిన్సోనియాయని పత్రికలన్నియు వ్రాసినవి.

ఆ రాళ్ళ వయస్సు నూరుకోట్ల సంవత్సరములని లోగడ జిర్కాన్ స్ఫటికముల ఆధారముతో చెప్పిన జోసెఫ్ మియర్ట్ బృందమువారు గుహకు స్వయముగా వెళ్లి చూచిరి. అప్పటికే ఆ 'శిలాజము' గోడనుండి పెచ్చులుగా ఊడుచుండెను. రాతిలోని ముద్ర అట్లు ఊడదు. పరిసరములందు కొండ తేనెటీగల పట్టులు వ్రేలాడుచుండెను. ఊడిపోయిన పాతపట్లు రాతిపై విడిచిన మైనపు జాడలును ఉండెను. గోడమీది ఆకారము అట్టి యొక తేనెపట్టు శేషమని వారు నిరూపించిరి. రెటలాక్ ఆ నిర్ణయమును అంగీకరించి తన పొరపాటును ఒప్పుకొనెను. భీంబేట్కా ఇసుకరాతి వయస్సును ఆ గుర్తు తేల్చలేకపోయినది; వాదము తిరిగి జిర్కాన్ స్ఫటికముల చేతికే వచ్చినది.